గోడలో నొప్పి

మొగుడు రాసిన వ్యాసం రెండో పేజీకి వచ్చేసరికి ల్యాబు డాక్టరుకి ఒళ్లు మండిపోయింది.

ఆ రోజు సెలవు. భోజనాలయ్యాక ఆయన తన గదిలోంచి నాలుగు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టి, "కాస్త చూసిపెట్టు, పత్రికకి పంపాలి" అని కునుకు తీయడానికి వెళ్లిపోయాడు. ఆయన కడుపు డాక్టరు, ఊళ్లో పేరున్నవాడు. ఆమెది అదే ఆసుపత్రిలో కింది అంతస్తు. ఆపరేషన్లలో కోసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది జబ్బో ఏది కాదో తేల్చడం ఆమె పని. ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు. ఆయన ఏం రాసినా పంపేముందు ఆమె చదవాల్సిందే. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటది.

వ్యాసం ఒక రోగి గురించి. ఆమె బస్సు డ్రైవరు, వయసు నలభై దాటింది, రెండేళ్లుగా కడుపునొప్పి. స్కానింగులన్నీ బాగున్నాయి. కెమెరా గొట్టం వేసి చూశారు, ఏమీ కనబడలేదు. అనుమానం మీద పిత్తాశయం తీసేశారు, అయినా నొప్పి పోలేదు. విడాకులు తీసుకున్న మనిషి, గట్టిగా మాట్లాడే స్వభావం, చిన్నప్పటి నుంచీ అందరి దృష్టీ తన మీదే ఉండాలనుకునే తత్వం. కాబట్టి ఈ నొప్పి మానసికమైనది.

చిన్నప్పటి నుంచీ అన్న మాట దగ్గర ఆమె ఆగింది. రోగి చిన్నతనం సంగతి ఏ డాక్టరుకి తెలుస్తుంది? అన్నగారైతే తెలుస్తుంది.

అది ఆమె ఆడపడుచు కథ. ఇంట్లో ఆ పిల్లకి సైరన్ అని పేరు. చిన్నప్పుడు మోకాలు గీసుకుపోతే వీధి వీధంతా వినబడేలా ఏడ్చేదట. పెళ్లయి ఇంటికొచ్చిన కొత్తలో ఆమెకి మొదట చెప్పిన కుటుంబ కథల్లో అదొకటి. వదినా ఆడపడుచులకి ఎన్నడూ పొసగలేదు. ఒకరి మాట ఒకరికి గుచ్చుకునేది, ఒకరి మౌనం ఇంకొకరికి ఎత్తిపొడుపులా తోచేది. సైరన్‌కి కడుపునొప్పి అని తెలిసినప్పుడు ల్యాబు డాక్టరు కూడా పైకేమీ అనకపోయినా లోపల మూతి విరిచింది.

కానీ చివరి పేజీలో ఇలా ఉంది. "ఈ విషయమై వైద్య సాహిత్యాన్ని క్షుణ్ణంగా గాలించాం. శారీరక కారణం ఉండే అవకాశాన్ని సూచించే ఆధారమేదీ కనబడలేదు."

ఆమె లేచి వెళ్లి మొగుణ్ని నిద్ర లేపింది.

"క్షుణ్ణంగా అంటే ఎలా?"

"ఏంటి?"

"గాలించానని రాశావుగా. ఎలా గాలించావో చూపించు."

ఆయన విసుక్కుంటూనే లేచాడు. చూపించడానికి ఆయనకేం అభ్యంతరం లేదు, పైగా కాస్త గర్వం కూడా. కంప్యూటరు తెరిచి, ప్రపంచంలోని వైద్య పత్రికలన్నీ నమోదయ్యే డేటాబేసులోకి వెళ్లి, తాను చేసిన పనిని మళ్లీ చేసి చూపించాడు. సైకోజెనిక్, అంటే మనసు వల్ల పుట్టిన, అని కొట్టాడు. దాని పక్కన కడుపునొప్పి అని కొట్టాడు. ఆ పక్కన స్త్రీలు అని కొట్టాడు. ఎడమవైపున్న గళ్లలో గత ఐదేళ్లవి మాత్రమే అనీ, డబ్బు కట్టకుండా పూర్తిగా చదవగలిగేవి మాత్రమే అనీ టిక్కులు పెట్టాడు. తెర నిండా వ్యాసాలొచ్చాయి. మొదటి పేజీలో ఉన్నవే ఆయన వ్యాసం చివర ఆధారాలుగా వరసగా కొలువుదీరి ఉన్నాయి.

"చూశావా, ఎంత సాహిత్యం ఉందో" అన్నాడు.

"సైకోజెనిక్ అని అడిగితే సైకోజెనిక్ అనే చెబుతుంది. జవాబు నువ్వే చెప్పి, చెప్పించుకున్నావు. మీ చెల్లెలికి మనసు బాగోలేదని నువ్వనుకున్నావు, నిజమే బాబూ అనేవాళ్లని మాత్రమే పిలిచి కూర్చోబెట్టుకున్నావు. దాన్ని గాలించడం అంటారా?"

"నీకెందుకంత కోపం? దానికీ నీకూ ఎప్పుడైనా పడిందా?"

"పడకపోతే? నువ్వు నా ఆడపడుచుని పిచ్చిదాన్ని చేసి అచ్చేయించుకుంటుంటే నేను కామాలూ ఫుల్‌స్టాపులూ దిద్దిపెట్టాలా?"

"ఎవరి పేరూ రాయలేదు."

"ఈ ఊళ్లో ఆడ బస్సు డ్రైవర్లు ఎంతమంది ఉన్నారంటావు?"

ఆయన ముఖం గంటు పెట్టుకుని మళ్లీ పడుకున్నాడు. ఆమె ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె బస్సు డిపోకి వెళ్లింది. ఆడపడుచు పని చేసేచోటికి వెళ్లడం అదే మొదటిసారి. డ్రైవర్ల గదిలో అడిగితే వెనక షెడ్డు వైపు చూపించారు. అక్కడ ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన వస్తువులు భద్రపరిచే కౌంటరు ఉంది. గొడుగులు, లంచ్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఎవరో పాపం వయొలిన్ కూడా వదిలేసి వెళ్లారు. వాటి మధ్య డ్రైవరు యూనిఫాంలో సైరన్ కూర్చుని ఉంది. వదినని చూసి ఆశ్చర్యపోయింది గానీ లేవలేదు.

"ఏం పోగొట్టుకున్నావు వదినా?"

"నువ్విక్కడున్నావేంటి? బస్సేది?"

"నీకు తెలీదా?" అని ఆమె వదిన ముఖంలోకి పరీక్షగా చూసింది. "అన్నయ్య సర్టిఫికెట్ రాసిచ్చాడుగా, నొప్పి మానసికమని. డిపో డాక్టరు అది చూసి, మనసు బాగోలేని మనిషికి అరవైమంది ప్రాణాలు అప్పగిస్తామా అని స్టీరింగు మీంచి దింపేశాడు. వచ్చే నెల బోర్డు ముందుకెళ్లాలి. అక్కడా అదే మాటంటే ఇక ఎప్పటికీ ఇదే కౌంటరు."

ల్యాబు డాక్టరుకి ఈ సంగతి తెలియదు. ఇంట్లో ఆయన ఒక్క మాట అనలేదు. సంచిలోంచి కాగితాలు తీసి గొడుగుల పక్కన పెట్టింది. సైరన్ చదవడం మొదలుపెట్టింది. చదువుతున్నంతసేపూ ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఇంగ్లీషు పదాలు కొన్ని అర్థం కాక వేలు పెట్టి అడిగింది. వదిన చెప్పింది. అందరి దృష్టీ తన మీదే ఉండాలనుకునే తత్వం అన్న వాక్యం మాత్రం అడగకుండానే అర్థమైంది.

అరుస్తుందనుకుంది వదిన. అరవలేదు. కాగితాలు వెనక్కి తోసి షెడ్డు బయటికి చూసింది. ఒక బస్సు రివర్సులో వచ్చి గోడకి జానెడు దూరంలో ఆగింది.

"మా అమ్మ పోయినప్పుడు కూడా నేను గట్టిగా ఏడవలేదు వదినా. అన్నయ్యకి ఇబ్బందని. ఆ సంగతి ఇందులో రాయలేదేం?"

"రేపు నా దగ్గరకి రా. ఇద్దరం కలిసి వెతుకుదాం."

"ఏం వెతుకుతావు? నాకు పిచ్చి ఉందా లేదా అనా?"

"నీ నొప్పి ఇంకెవరికైనా వచ్చిందా అని."

ల్యాబులో ఆమె గది చిన్నది. ఒక పక్క మైక్రోస్కోపు, ఇంకో పక్క కంప్యూటరు, గోడ వెంట అద్దపు పలకలుంచిన సొరుగులు. మందు వాసనకి సైరన్ ముక్కు మూసుకుని, కుర్చీ లాక్కుని తెరకి ఎదురుగా కూర్చుంది.

"ముందు నొప్పి గురించి చెప్పు. అన్నయ్యకి చెప్పినట్టు కాదు, నీ మాటల్లో."

"అన్నయ్యకీ నా మాటల్లోనే చెప్పాను. ఆయన తన మాటల్లో రాసుకున్నాడు."

వదిన ఒక తెల్లకాగితం ముందుకి లాక్కుంది.

"ఇదిగో ఇక్కడ" అని సైరన్ బొడ్డుకి కుడివైపు కాస్త పైన చూపుడువేలు ఆనించింది. "వేలి కొసంత చోటు. స్టీరింగు గట్టిగా తిప్పితే పొడుస్తుంది. తుమ్మినా, మంచం మీంచి లేచినా పొడుస్తుంది. తిన్నా తినకపోయినా ఒకటే. కడుపు లోపల కాదు వదినా. ఇంట్లో సామానంతా బాగానే ఉంది, గోడలో మేకు దిగింది. అలా ఉంటుంది. ఇది అన్నయ్యకి మొదటి రోజే చెప్పాను. నవ్వాడు."

ల్యాబు డాక్టరు తెల్లకాగితం మీద గోడ అని రాసుకుంది. ఈ రెండేళ్లలో అన్ని స్కానింగులూ సామానునే వెతికాయి. గోడ వైపు ఎవరూ చూడలేదు.

"సరే. మీ అన్నయ్య చేసిన మొదటి తప్పు, జవాబుని ప్రశ్నలో కలిపేశాడు. అందుకని మనం కారణం గురించి ఏమీ అడగొద్దు. మనకి తెలిసిందే అడుగుదాం. ఎక్కడ? పొట్ట గోడలో. ఏంటి? నొప్పి. ఎలాంటిది? చాన్నాళ్లుగా ఉన్నది, స్కానింగులో దొరకనిది."

"కొట్టు మరి."

"ఆగు. ఒక్కో దానికీ చాలా పేర్లుంటాయి."

"మా స్టాపుల్లాగానా?" అంది సైరన్. "బోర్డు మీద ఒక పేరుంటుంది. ముసలివాళ్లు పాత సినిమాహాలు అంటారు, ఆ హాలు కూలగొట్టి ఎన్నేళ్లయిందో. కాలేజీ పిల్లలు ఇంకేదో అంటారు. ఏ పేరు చెప్పినా దింపాలి."

"అచ్చం అంతే. ఒక్క పేరే కొడితే ఆ పేరు వాడినవాళ్ల వ్యాసాలే వస్తాయి. జ్వరం బిళ్లకి పారాసెటమాల్ అని ఒక దేశంలో, ఎసిటమినోఫెన్ అని ఇంకో దేశంలో అంటారు. స్పెల్లింగులూ అంతే."

పొట్ట గోడకున్న పేర్లన్నీ ఒక గుంపుగా పేర్చి, వాటి మధ్య 'లేదా' అన్న మాట పెట్టింది. ఏదున్నా సరేనని దానర్థం. నొప్పికి ఇంకో గుంపు. గుంపుకీ గుంపుకీ మధ్య 'మరియు' పెట్టింది. రెండూ ఉండి తీరాలని. ఆ తర్వాత డేటాబేసు వాళ్లు వ్యాసాలకి తగిలించే విషయశీర్షికల్లోకి వెళ్లింది. రాసినవాళ్లు ఎవరి భాషలో వాళ్లు రాసినా, అక్కడ కూర్చున్నవాళ్లు చదివి, ఇది ఫలానా విషయం అని ఒకే పేరుతో అరలో పెడతారు. పొట్ట గోడకి విడిగా ఒక శీర్షిక ఉంది, నరం ఇరుక్కుపోవడానికి ఇంకోటి.

"అయితే ఆ పేర్లతో వెతికితే చాలుగా?"

"చాలదు. కొత్తగా వచ్చినవాటికి ఇంకా శీర్షిక తగిలించి ఉండరు. అందుకని మామూలు మాటలూ వాడాలి, శీర్షికలూ వాడాలి. అన్నయ్య ఐదేళ్ల లోపువే చూశాడు. మనం ఆ గడి తీసేద్దాం. ఉచితంగా చదవనిచ్చేవే చూశాడు, అదీ తీసేద్దాం. నిజం ఫ్రీగా దొరికే చోటే ఉండాలని ఏముంది?"

మొదటిసారి కొట్టినప్పుడు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సగం హెర్నియాల గురించి, ఆపరేషన్ కుట్ల గురించి. ఆమె మాటలు మార్చింది, కొన్ని తీసింది, రెండు మాటలు కలిసే ఉండాలని కొటేషన్లు పెట్టింది. ఈసారి మరీ తక్కువొచ్చాయి. మళ్లీ వదులు చేసింది. సైరన్‌కి ఓపిక నశించి లేచి సొరుగుల దగ్గర పచార్లు చేసింది. ఒక్కో శీర్షిక, దాని కింద సారాంశం చదువుతూ పోతుంటే ఒకచోట ల్యాబు డాక్టరు వేలు మౌస్ మీద బిగుసుకుంది.

పొట్ట గోడలోని ఒక సన్నని నరం, కండరంలోంచి బయటికొచ్చే ఇరుకు సందులో నొక్కుకుపోవడం గురించి ఆ వ్యాసం. వేలి కొసతో చూపించగలిగే నొప్పి. తిండితో సంబంధం లేదు. వంగినా, తిరిగినా, తుమ్మినా ఎక్కువవుతుంది. స్కానింగులన్నీ బాగుంటాయి. వీళ్లలో చాలామందికి అనవసరంగా ఆపరేషన్లు చేస్తారు, చాలామందిని మానసిక రోగులంటారు.

ఆమె గట్టిగా చదివి తెలుగులో చెప్పింది. సైరన్ పచార్లు ఆపేసింది.

ఇక ఆ ఒక్క వ్యాసం పట్టుకుని తీగ లాగింది. దీని చివర ఎవరెవర్ని ఉదహరించారో వెనక్కి వెళ్లింది, దీన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో ముందుకి వచ్చింది, ఇలాంటివే ఇంకా అన్న మీట నొక్కింది. ఒకే జబ్బుకి రకరకాల పేర్లు బయటపడ్డాయి. ఆ పేర్లు తన గుంపులో చేర్చి మళ్లీ వెతికింది. ఇంకా వచ్చాయి. దాదాపు నూరేళ్ల కిందటే ఒక సర్జను దీనికి పరీక్ష రాసిపెట్టి పోయాడు. దానికి యంత్రం అక్కర్లేదు, వేలు చాలు.

ఇది కాదని చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా అని కూడా వెతికింది. మొగుడు చేసిన పనే తానూ చేస్తే ఇక తేడా ఏముంది? ఉన్నారు. ఆ పరీక్ష ఒక్కోసారి తప్పుతుందన్నవాళ్లు, సూది మందు కొందరికి పనిచేయలేదన్నవాళ్లు. అవీ పక్కన పెట్టుకుంది.

"ఆ బల్ల మీద పడుకో."

"ఇక్కడ మంచం లేదేంటి?"

"నా దగ్గరికొచ్చేవాటికి మంచం అక్కర్లేదు."

సైరన్ కాగితాలు జరిపి పడుకుంది. వదిన సరిగ్గా ఆ చోట వేలు పెట్టి నొక్కి, "ఇప్పుడు తలా భుజాలూ పైకి లేపు" అంది. నొప్పి లోపలిదైతే బిగుసుకున్న కండరం అడ్డుపడి తగ్గాలి. గోడలోదైతే పెరగాలి.

సైరన్ తల లేపింది. ఆ కేకకి పక్క గదిలో టెక్నీషియన్ చేతిలోని అద్దపు పలక జారిపడింది.

కాసేపటికి ఊపిరి తీసుకుని లేచి కూర్చుని, కళ్లు తుడుచుకుని, సైరన్ అడిగిన మొదటి మాట వదిన ఊహించింది కాదు.

"నా పిత్తాశయం తీశాక ఇక్కడికే కదా పంపించారు?"

"అవును."

"నువ్వే చూశావా?"

"నేనే."

"ఎలా ఉంది?"

ల్యాబు డాక్టరు తల దించుకుంది. "బాగానే ఉంది. జబ్బేమీ లేదు. రిపోర్టులో అదే రాశాను."

"రాశావు. రాసి ఊరుకున్నావు." సైరన్ గొంతు పెరగలేదు, అదే భయంగా ఉంది. "బాగున్న అవయవాన్ని కోసి పారేశారని నీకు తెలుసు. అన్నం తినేటప్పుడు అన్నయ్య ఎదురుగానే కూర్చుంటావు. మరి దీని నొప్పి ఎక్కణ్నుంచి వస్తోందీ అని ఒక్క రోజు అడిగావా? ఇవాళ వాడి మీద కోపమొచ్చింది కాబట్టి వెతికావు. నా మీద జాలితో కాదు."

"కాదు" అని ఒప్పుకుంది వదిన. ఆ మాట అబద్ధమాడి దాటేయగలిగేది కాదు.

"సరే. పద. ఆ కోపం చల్లారకముందే వాడి దగ్గరికెళదాం."

పై అంతస్తులో కడుపు డాక్టరు చివరి రోగిని పంపించి చేతులు కడుక్కుంటున్నాడు. ఇద్దరూ కలిసి రావడం చూసి కంగారుపడ్డాడు. వాళ్లిద్దరూ ఒక గుమ్మంలోంచి కలిసి రావడం ఆయన ఎరగడు. భార్య వ్యాసాల కట్ట బల్ల మీద పెట్టి, జబ్బు పేరు చెప్పింది.

ఆయన పైపైన తిరగేశాడు. "విన్నాను దీని గురించి. అరుదు. పాత వ్యాసాలివి. నేను రోజూ కడుపులు చూస్తున్నవాణ్ని. నువ్వు బతికున్న మనిషి పొట్ట మీద చెయ్యేసి ఎన్నేళ్లయింది?"

"బతికున్నవాళ్లలోంచి నువ్వు కోయించిన ముక్కలు రోజూ చూస్తూనే ఉన్నాను. నీ చెల్లెలిది కూడా చూశాను. నిక్షేపంలా ఉంది. అరుదని నీకెవరు చెప్పారు? వెతకనివాడికి అన్నీ అరుదే."

"నా గదిలో నా మీద అరవకు."

"అరిచేది నేను కదా అన్నయ్యా, మన ఇంట్లో" అంది సైరన్. పరీక్ష బల్ల ఎక్కి పడుకుని, చొక్కా అంచు జరిపి, అన్న చెయ్యి పట్టుకుని లాగి ఆ చోట పెట్టింది. "నొక్కు. రెండేళ్లలో ఇక్కడ ఒక్కసారి వేలు పెట్టలేదు. జెల్లు రాసి యంత్రం పెట్టావు, గొట్టం పెట్టావు, కత్తి పెట్టించావు. వేలు పెట్టు."

ఆయన నొక్కాడు. ఆమె ఈసారి కేక వేయలేదు. పళ్లు బిగించి తల లేపి, ఆయన కళ్లలోకే చూస్తూ అలాగే ఉంది. కింద కండరం బిగుసుకోవడం, ఆ ఒక్క చోటా ఒళ్లు ఎగిరిపడటం ఆయన వేలికి తెలిశాయి. ఎంత పొగరున్నా ఆయన చేతికి చదువొచ్చు. వేలు తీసేసి మళ్లీ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. కడిగిన చేతులే కడుక్కుంటూ నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రిలోని మత్తు డాక్టరు, నెమ్మదైన మనిషి, వ్యాసాలన్నీ చదువుకొచ్చి, ఆ చోటే సన్నని సూదితో తిమ్మిరి మందు ఎక్కించాడు. కాసేపాగి లేచి కూర్చోమన్నాడు. సైరన్ భయంభయంగా లేచింది. ఒంగింది. నడుము కుడికి తిప్పింది, ఎడమకి తిప్పింది. లేని స్టీరింగు రెండు చేతులా పట్టుకుని పెద్ద మలుపు తిప్పినట్టు తిప్పింది.

నొప్పి లేదు.

అందరూ ఆమె నవ్వుతుందని చూశారు. ఆమె ముఖం నల్లగా మాడిపోయింది.

"ఇంతేనా?" అంది. "ఇంత చిన్న సూదికా? దీనికా నన్ను కోసింది? దీనికా నన్ను గొడుగుల దగ్గర కూర్చోబెట్టింది? పిచ్చిదన్నారు, నేనూ నమ్మాను వదినా. రాత్రుళ్లు నొప్పి వస్తే, ఇది నొప్పి కాదు, నా బుద్ధే ఇంత అని నన్ను నేను తిట్టుకున్నాను." అప్పుడు ఏడ్చింది, వీధంతా వినబడేలా. ఎవరూ ఊరుకోమనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అన్న మెల్లగా అక్కణ్నుంచి తప్పుకున్నాడు.

ఆ ఒక్క సూదితో అంతా సర్దుకోలేదు. కొన్ని వారాలకి నొప్పి మళ్లీ వచ్చింది. మళ్లీ సూది, మళ్లీ కొన్నాళ్లు సుఖం. చివరికి చిన్న ఆపరేషన్ చేసి ఆ నరాన్నే తీసేశారు. ఈలోగా అన్న కొత్త సర్టిఫికెట్ రాసిచ్చాడు. బోర్డు వాళ్లు అది చూసి, పాతదీ చూసి, రెండింటి కిందా ఒకే సంతకమేంటని అడిగితే, "ఆయన్నే అడగండి" అని సైరన్ చెప్పిందట. ఆయన్ని పిలిపించి అడిగారు కూడా. ఆయన ఏం చెప్పాడో ఇంట్లో చెప్పలేదు. సైరన్ మాత్రం మళ్లీ డ్రైవరుగా బస్సెక్కింది.

అక్కడితో అయిపోయిందనుకుంటే, ఒక సాయంత్రం ఆయన మళ్లీ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త వ్యాసం. అదే రోగి, ఈసారి సరైన జబ్బు పేరు. రచయితగా మొదటి పేరు ఆయనది. ఎవరో పట్టుకోలేకపోయిన జబ్బుని నిశిత పరిశీలనతో పట్టుకున్నట్టు సాగింది కథ. కింద రోగి అనుమతికి చోటు వదిలి, "దాని చేత సంతకం పెట్టించు, నీ మాట వింటుంది ఇప్పుడు" అన్నాడు.

ఆమె కోపం ఎంత పెద్దదో అంత చల్లగా ఉంది లోపల. కాగితాలు తీసుకెళ్లి నేరుగా ఆడపడుచుకే ఇచ్చింది. డిపోలో డ్రైవర్ల గదిలో కూర్చుని సైరన్ చదివి, వెనక్కిచ్చేసింది.

"పెట్టను. అప్పుడు నా పిచ్చి అమ్ముకోబోయాడు, ఇప్పుడు నా నొప్పి అమ్ముకుంటాడా?"

"ఆయన రాసింది చించెయ్. కానీ అసలు రాయొద్దనకు" అంది వదిన. "నీలాంటి నొప్పితో ఇంకెక్కడో ఒకావిడ ఉంటుంది. ఆవిడ డాక్టరు ఏదో ఒక రోజు వెతుకుతాడు. మనకి దొరికాయంటే ఎవరో రాసి పెట్టబట్టే కదా."

బయట ఎవరో హారన్ కొడుతున్నారు.

"నువ్వు రాయి. కానీ ఉన్నదున్నట్టు రాయి. మొదటి రోజే రోగి వేలు పెట్టి చూపించిందని రాయి. గోడలో అని తనే చెప్పిందని రాయి. డాక్టరు జవాబు ముందే అనుకుని వెతికాడని రాయి. బాగున్న పిత్తాశయం తీసేశారని రాయి. ల్యాబు డాక్టరు చూసి ఊరుకుందని కూడా రాయి. అప్పుడు పెడతాను సంతకం."

ఆమె రాసింది, మత్తు డాక్టరు పేరూ తన పేరూ పెట్టి. మొగుడికి చూపిస్తే చివరిదాకా చదివి, "నా పేరొద్దు" అన్నాడు. "పెట్టలేదు" అంది. ఆ రాత్రి నుంచి చాలా రోజులు ఆ ఇంట్లో ఉప్పు అందించమనడం తప్ప మాటల్లేవు.

వ్యాసం కింద, వెతికేవాళ్లకి దొరకడం కోసం కొన్ని మాటలు ఇవ్వమని పత్రికవాళ్లు అడిగారు. పొట్ట గోడ, నరం, జబ్బుకున్న నాలుగు పేర్లూ ఇచ్చి, చివర్న సైకోజెనిక్ అని కూడా చేర్చింది. మత్తు డాక్టరు అభ్యంతరపెట్టాడు, ఇది మానసికం కాదని కదా మనం రాసింది అని. "అందుకే" అంది. "సరిగ్గా వెతికేవాడికి మన వ్యాసం లేకపోయినా ఇంకోటి దొరుకుతుంది. తప్పుగా వెతికేవాడికి కూడా ఒకటి ఎదురుపడాలి." వ్యాసం అచ్చయింది. ఎవరైనా చదివారో లేదో తెలియదు.

సైరన్ ఇప్పటికీ సెలవుల్లో వస్తుంది. వదినకీ ఆమెకీ ఇప్పుడు పొసగుతోందని కాదు. టీవీ గట్టిగా పెట్టావని ఒకరు, ఇంట్లో ధూళి ఉందని ఇంకొకరు వాదులాడుకుంటూనే ఉంటారు. కానీ ఆ వాదులాటలో ఇదివరకటి గుచ్చుడు లేదు.

మొన్న భోజనాల దగ్గర అన్న తలెత్తకుండానే, "నొప్పి ఎలా ఉంది?" అని అడిగాడు. అంతకాలానికి అదే ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి పలకరింపు.

సైరన్ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"నా డాక్టరుని అడుగు, పక్కనే కూర్చుంది" అని, వదిన వైపు తిరిగి, కొత్త బస్సులో క్లచ్ ఎంత గట్టిగా ఉందో చెప్పడం మొదలుపెట్టింది.